మా బండి గొంతు

207వ రోజు

సూది: ఎనభై ఆరు. కానుగ నూనె: పీపాలో సగానికి రెండు వేళ్ళు తక్కువ. ఉప్పుసంచి: మూడు వందల పన్నెండు గ్రాములు. బండిలో మనుషులం: ఇద్దరం.

ఉప్పుసంచి నిన్నటికంటే తొమ్మిది గ్రాములు తేలికైంది. ముందు అద్దానికి వేలాడగట్టిన ఈ పిడికెడు ఉప్పే మాకు పంచాంగం. బరువెక్కితే మొయిలు మా మీద స్థిరంగా కూర్చున్నట్టు. తేలికైతే పలచబడి, లేచి నడవడానికి సిద్ధమవుతున్నట్టు. పోయిన ఏడాది మొయిలు గంటకు ఎనిమిది కిలోమీటర్లు నడిచేది. ఈ ఏడాది పదకొండు నడుస్తోంది. ఎందుకు తొందరపడుతోందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. దాని నీడ దాటితే ఎండ. ఎండలో ఏదీ బతకదు.

పొద్దున గొంతు వేళకు ఎప్పటిలాగే ఇంజన్ స్టార్ట్ చేశాను. వరసలో అరవై రెండు బండ్లు. విడిది దిగినప్పుడు ఎవరికి చదును ఎక్కడ దొరికితే అక్కడ ఆపుకుంటారు. చాచిన చేతికి వేళ్ళు ఉన్నాయో లేదో తెలియని తెలుపు చుట్టూ. అందుకని తెల్లవారగానే ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు లేస్తాయి, ఎవరెక్కడ ఉన్నారో చెప్పుకుంటాయి. పక్కన గోవిందమ్మ పిన్ని బండి దగ్గుతుంది. ఎక్కడో వెనక నీళ్ళు పట్టే వలల లారీ గురక పెడుతుంది. మాది ఉలవలు నమిలే ఎద్దు. ఆ మాట మా అమ్మాయి మంజీర అయిదేళ్ళప్పుడు అన్నది.

చెమ్మ వదలడానికి యాక్సిలరేటర్ రెండుసార్లు పొట్టిగా తొక్కుతాను. ఇంజన్ వేడి చూపే సూది నిలబడ్డాక సీటు కింద నుంచి పుస్తకం తీసి రాసుకుంటాను. ఆ తర్వాత ఒకసారి పొడుగ్గా తొక్కి ఆపేస్తాను. పిన్నికి ఇదొక వేళాకోళం.

“ఏందమ్మాయ్, మీ ఇంజన్ రెండు ముక్కలు మాట్లాడి మూడోది మర్చిపోద్దా రోజూ?”

“దానికేం మర్చిపోలేదు పిన్నీ, నేనే లెక్క రాసుకుంటన్నా.”

“రాసుకో, రాసుకో. రేపు మొయిలొచ్చి నీ పుస్తకం అడగకపోద్దా.”

ఇవాళ మాత్రం సూది ఎనభై ఆరు దగ్గర నిలబడడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్నం చిన్న మిట్ట ఎక్కుతుంటే నల్లపొగ వచ్చింది. ఇంకో పదహారు రోజుల్లో నల్లమల ఘాటు. తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు, ఒకే బండి పట్టే దారి.

మంజీర దారి చూసేవాళ్ళతో ముందుకు పోయి నేటికి ఇరవై ఎనిమిది రోజులు. యాభై రోజులకు వస్తామన్నారు.

208వ రోజు

సూది: ఎనభై తొమ్మిది. ఉప్పుసంచి: మూడు వందల ఎనిమిది. ఇద్దరం.

ఖైరున్ వచ్చి బానెట్ ఎత్తింది. వరస మొత్తానికి ఒక్కతే మెకానిక్. ఇంజన్ మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

“రత్నక్కా, దీనికి దమ్ము చాలదు. రెండు దార్లుండాయి. దీన్ని దించేసి కొత్త ఇంజన్ ఎక్కించటం ఒకటి. లేదా దీన్నే విప్పి, బోరు కొట్టి, లావు పిస్టన్లేసి, టర్బో తగిలించటం.”

“ఏది మేలు?”

“ఎవరికి మేలు? నాకైతే దించేసేదే. విప్పానంటే నాలుగు రోజులు నా నడుం నాది గాదు.”

పుస్తకం తీసి ఆమె చెప్పినవన్నీ రాసుకున్నాను. ఇప్పుడున్న బలం నలభై గుర్రాలు. మొయిలు వడితో ఘాటు ఎక్కాలంటే యాభై మూడు కావాలి. బోరు కొట్టి టర్బో పెడితే యాభై అయిదు వస్తాయి. కొత్తదానికి డెబ్బై.

“యాభై అయిదు చాలు గదా? రెండు మిగుల్తాయి.”

“మిగుల్తాయి. పాత బ్లాకు వేడెక్కకుండా ఉంటే. పది బండ్లకి చేస్తే ఏడు ఎక్కుతాయి. మూడింటి సంగతి నేను చెప్పలేను.”

“గొంతు?”

ఖైరున్ చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది. “దీన్నే బాగుచేస్తే కొంచెం బొంగురుపోద్ది, జలుబు జేసినట్టు. ఇంటోళ్ళు గుర్తుపడతారు. కొత్తదయితే...” అంటూ తెలుపులోకి చెయ్యి చూపించింది.

కొత్త ఇంజన్లన్నీ ఒకే అచ్చు. మా వరసలో పదకొండు బండ్లకు వచ్చాయి. పదకొండూ తేనెపట్టులా ఒకటే మోత. ఆ ఇళ్ళవాళ్ళు వెనక తలుపుకు తలా ఒక రకం గంట కట్టుకున్నారు.

210వ రోజు

సూది: ఎనభై తొమ్మిది. ఉప్పుసంచి: మూడు వందల పది. ఇద్దరం.

మా ఆయన భూషణం వలలు కట్టి వచ్చారు. మొయిలులోకి వల నిలబెడితే తీగ తీగకూ నీళ్ళు పూస్తాయి, అడుగున తొట్టిలోకి రాలతాయి. వరస తాగేది అవే. తల, మీసాలు, కనురెప్పలు ముత్యాలు కూర్చినట్టు తడిసి ఉన్నారు. జొన్నరొట్టె, గోంగూర పెట్టి సంగతి చెప్పాను.

“కొత్తది ఎక్కిద్దాం రత్నం. రెణ్ణెల్లకోసారి ఈ దిగులేంది?”

“మంజీర వచ్చాక మారుద్దాం.”

“అది వచ్చేతలికి ఘాటు దాటిపోయుంటాం.”

“అందుకే బాగుచేయిద్దామంటన్నా.”

“దాన్ని నువ్వు చంటిపిల్లని చేస్తన్నావు. మన గొంతు వినపడకపోతే ఏ బండికాడికో పోయి అడుగుద్ది. నోరుంది గదా.”

“అడగదు. మీకు తెలవదా దాని సంగతి?”

ఆయన రొట్టె తుంచడం ఆపేశారు. ఆయనకూ తెలుసు. నీడా నీళ్ళూ ఉన్న గుహ నుంచి గుహకు నడిచే దారి చూసేవాళ్ళు, తిరిగి మొయిలు అంచుకు వచ్చి గొంతు వేళ దాకా కూర్చుంటారు. రేడియో మొయిలులో పలకదు. ఇంటి ఇంజన్ వినిపిస్తే ఆ మోత పట్టుకుని లోపలికి నడుస్తారు. వినిపించకపోతే ఒకటే అర్థం: బండి ఎక్కడో ఆగిపోయింది, ఇల్లు ఎండలో ఉంది. మంజీర అయితే ఇంకెవరినీ అడగదు. తడి అంగీ కప్పుకుని, మమ్మల్ని వెతకడానికి బండ్లు వచ్చిన దారిన వెనక్కి పోతుంది. తడి అంగీ ఆరు గంటలు కాపాడుతుంది. అంతే.

ఆయన మిగిలిన రొట్టె నా పళ్ళెంలో పెట్టి, “బాగుచేయిద్దాంలే,” అన్నారు.

212వ రోజు

సూది: తొంభై. ఉప్పుసంచి: మూడు వందల ఆరు. ఇద్దరం.

ఖైరున్‌కు చెప్పేశాను. ఘాటు కింద విడిది దిగగానే విప్పుతుంది. మనసు నెమ్మదించింది. ఉతికిన బట్టలు తీగమీద వేశాను. అవి ఆరవు, ఊరికే ఊగుతాయి. మా అమ్మ కథలాగా చెప్పేది, వాళ్ళ అమ్మమ్మ మిద్దెమీద వడియాలు పెడితే సాయంత్రానికి గలగలలాడేవట. ఎండ అప్పట్లో చేతికి అందేంత చిన్నగా ఉండేదేమో. ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చాలాసేపు తీగ దగ్గరే నిలబడ్డాను.

213వ రోజు

సూది: నూట ఏడు. ఉప్పుసంచి తూచలేదు.

దోనకొండ మిట్ట మీద మా బండి ఆగిపోయింది. ఘాటు ముందు అది లెక్కలోకి రాని మిట్ట. వెనక గోవిందమ్మ పిన్ని బండి, ఆ వెనక వలల లారీ. ముందువాళ్ళు ఆగితే అందరూ ఎండలో పడతారు కాబట్టి ఎవరూ ఆగరు, అది వరస కట్టుబాటు. ఇంజన్ తిప్పుతున్నాను, అందుకోవడం లేదు. మొయిలు మా పైనుంచి నెమ్మదిగా, దుప్పటి జరిగినట్టు జరిగిపోయింది. తెలుపు పసుపయింది. అద్దంలో వెనక పిన్ని బండి అంతా కనిపించింది. రంగులతో సహా. ఇన్నేళ్ళలో ఆమె బండి ఆకుపచ్చ అని నాకు తెలియదు.

వలల లారీ వచ్చి పిన్ని బండిని, పిన్ని బండి మా బండిని ఆనుకుని, ముగ్గురం ఒకరినొకరు తోసుకుంటూ మిట్ట దాటాం. ఏడు నిమిషాలు. లోపలికి వచ్చాక దిగి పరిగెత్తాను. పిన్ని స్టీరింగ్ మీద పెట్టిన చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

“నీళ్ళు పొయ్యి, చూస్తా నిలబడతావేంది,” అన్నారు. పోశాను. “ఇంకో నాలుగు నిమిషాలయితే జంతికనై ఉందును.” నవ్వుతూనే పళ్ళు కొరుక్కుంటున్నారు.

214వ రోజు

సూది: తొంభై మూడు. ఉప్పుసంచి: మూడు వందల రెండు. ఇద్దరం.

ముందుబండి పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఘాటు ఎక్కేటప్పుడు మమ్మల్ని చివరికి పంపమని అడిగాను. మా వెనక ఎవరూ ఉండకపోతే మేం ఆగినా మేమే కదా.

“చివర వలల లారీ ఉండాల్సిందేనమ్మా. బలమైన బండి అదొక్కటే, ఎవరాగినా తోసేది అదే. ఘాటులో మాత్రం అది కూడా తోయలేదు. అది ఆగిందంటే వరసకి నీళ్ళు లేవు.”

తిరిగి వస్తూ పదిలో మూడు అన్న లెక్క మనసులో వేసుకున్నాను. పుస్తకంలో ఎంత చిన్నగా రాసినా మూడు మూడే. ఆ మూడులో పిన్ని చెయ్యి ఉంది. వలలు ఉన్నాయి. మా ఆయన ఉన్నారు. ఇంకో పక్క మంజీర ఒక్కతే. అది మాత్రం లెక్కకు లొంగదు.

పిన్ని గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

“నా మొహం చూసి ఇంజన్ మార్చమాక. పిల్ల తిరిగి రాకపోతే జన్మంతా ఈ చెయ్యి చూసి ఏడుస్తావు.”

“మీ వెనక లారీ ఉంది పిన్నీ.”

“ఉంది. అయినా నేను చెప్పాల్సింది చెప్పా.” కట్టు సర్దుకుంటూ, “ఆకుపచ్చంట గదా నా బండి? నీలం అనుకుంటన్నా ఇన్నాళ్ళూ,” అన్నారు.

సాయంత్రం ఖైరున్‌తో చెప్పాను. దించేయమని.

217వ రోజు

సూది: ఎనభై నాలుగు. ఆఖరిది. ఉప్పుసంచి: మూడు వందల ఇరవై. ఇద్దరం.

ఘాటు కింద విడిది. మొయిలు ఏటా ఇక్కడ కొన్నాళ్ళు కూర్చుంటుంది, కొండెక్కడానికి ఊపిరి తీసుకుంటున్నట్టు.

ఇంజన్ దించేముందు గొంతు వీడ్కోలు ఉంటుంది. వరసలో అందరూ తమ ఇంజన్లు ఆపేస్తారు, దిగిపోయేది ఒక్కటే నూనె అయిపోయేదాకా మోగుతుంది. అరవై ఒక్క బండ్లు మూగబోయాక మా ఎద్దు ఒక్కటే ఉలవలు నములుతూ ఉంది. ఎవరూ కనిపించరు. కానీ తెలుపులో అటూ ఇటూ దగ్గులు, గాజుల చప్పుడు. వచ్చి నిలబడ్డారని తెలుస్తుంది. మా ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఉన్నారు. మంజీర చలికాలంలో ఆ బానెట్ మీదే కూర్చుని అన్నం తినేది, కింద వెచ్చగా ఉంటుందని. ముద్దకో కథ చెప్పించుకునేది.

నూనె అయిపోతుండగా నమలడం నెమ్మదించింది. ఒక్కో గింజ. ఆగింది.

తర్వాత కొత్తదాన్ని మోగించి అందరికీ వినిపించారు, గుర్తుపెట్టుకొమ్మని. తేనెపట్టు. గంట కట్టాను, మా అత్తగారి పూజగంట. వరసలో లేనివాళ్ళకు ఆ గంట సంగతి ఎవరు చెప్పాలి?

పాత ఇంజన్‌ను దారిపక్క రాళ్ళమీద పెట్టి, ముఖం ఘాటు వైపు తిప్పి, పసుపు రాశాం. ఎక్కిపోయామని దానికి తెలియాలి కదా, అంది ఖైరున్.

223వ రోజు

ఉప్పుసంచి: మూడు వందల నాలుగు. ఇద్దరం.

ఎక్కేశాం. యాభై నిమిషాలు పట్టలేదు. కొత్త ఇంజన్ కొండను కొండ అని కూడా అనుకోలేదు. అంతసేపూ నిద్రలో మెట్లెక్కుతున్నట్టే ఉంది. ఒక మలుపులో మొయిలు చీలింది. వరసంతా ఒకేసారి కనిపించింది, కిందా పైనా, అరవై రెండు రంగులు. వెనక ఆకుపచ్చలో పిన్ని కట్టు చుట్టిన చెయ్యి ఊపారు. మళ్ళీ మూసుకుంది.

సూది లెక్క ఇక రాయక్కర్లేదు. ఈ ఇంజన్ తన వేడి తనే రాసుకుంటుంది, అద్దం కింద పలకమీద అంకెలు వెలుగుతాయి. నెల రోజులవి దాచుకుంటుందట. చెమ్మ వదలడానికి తొక్కే పని కూడా లేదు.

“బటన్ నొక్కు, దిగిపో,” అంది ఖైరున్. “నీ పుస్తకానికి సెలవు అక్కా.”

బటన్ నొక్కుతున్నాను, దిగిపోతున్నాను. పొద్దున్నే చేతులకు ఏం చేయాలో తోచడం లేదు.

229వ రోజు

ఉప్పుసంచి: మూడు వందల ముప్పై ఒకటి. ఇద్దరం.

యాభయ్యో రోజు. మొయిలు కొండమీద బాగా బరువుగా కూర్చుంది. గొంతు వేళకు బటన్ నొక్కి, వెనక తలుపు దగ్గర నిలబడి గంట కొట్టాను. ఈ తెలుపులో గంట చప్పుడు దూరం పోదు, పత్తిలో పడ్డ గింజలా అక్కడే ఉండిపోతుంది. మంజీరకు ఇష్టమని ఉలవచారు పెట్టాను.

230వ రోజు

ఉప్పుసంచి: మూడు వందల ముప్పై అయిదు. ఇద్దరం.

ఉలవచారు మళ్ళీ కాచాను.

231వ రోజు

దారి చూసేవాళ్ళు మధ్యాహ్నం లోపలికి వచ్చారు. నలుగురు. పోయింది అయిదుగురు.

వాళ్ళలో పెద్దది, సలోమి, మా బండి దగ్గరికి వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

“పెద్దమ్మా, మీరుండారా!”

“మంజీర యాడ?”

“అంచుకాడ రెండు పొద్దులు కూర్చున్నాం. ‘మావోళ్ళు లేరు’ అంది. మొన్నా వినింది, నిన్నా వినింది. ఉండవే, లోపలికి పోయి అడుగుదాం అన్నాం. ఎండలో ఉంటే అడగటానికి టైముండదు అంది. నిన్న పొద్దున మొయిలు అంచు పట్టుకుని ఘాటు దిగిపోయింది. తిరిగొస్తాదేమోనని ఇయ్యాల్దాకా చూశాం.”

మొన్నా, నిన్నా నేను బటన్ నొక్కి దిగిపోయాను.

మా ఆయన రెండు అంగీలు తీసి తొట్టిలో నానబెట్టారు. అవి రాత్రంతా నానాలి, పొద్దున్నే గొంతు వేళ దాటగానే ఆయనా, ఖైరునూ ఘాటు దిగుతారు. అంగీలు నీళ్ళు పీల్చుకుంటుంటే బుడగల చప్పుడు వస్తోంది.

232వ రోజు

తెల్లవారింది. ఆయన అంగీ పిండకుండా భుజాన వేసుకుంటున్నారు. ఖైరున్ ఇంకా రాలేదు. నాకేం చేయాలో తోచక వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. గొంతు వేళ. బటన్ నొక్కాను. తేనెపట్టు లేచింది. దూరంగా ఇంకో పదకొండు తేనెపట్లు.

దిగబుద్ధి కాలేదు. నా కాలు ఇన్నేళ్ళు ఏం చేసిందో అదే చేసింది. రెండుసార్లు పొట్టిగా తొక్కాను. పలకమీద అంకెలు వెలుగుతున్నాయి, అయినా అవి నిలబడేదాకా ఆగాను. సీటు కింద నుంచి పుస్తకం తీశాను. పెన్ను రాయలేదు. చెమ్మకు మొద్దుబారింది. నోటితో ఊది, అరచేతిమీద గీసి, సూది అని రాసి, డెబ్బై ఎనిమిది అని రాశాను. ఒకసారి పొడుగ్గా తొక్కి ఆపేశాను.

రాసింది సరిగా పడలేదు. అంకె సగం తెల్లగా ఉంది. మళ్ళీ స్టార్ట్ చేశాను. రెండు పొట్టివి. ఆగి, అంకె దిద్దాను. ఒకటి పొడుగుది.

వెనక తలుపుమీద అరచేతితో కొట్టిన చప్పుడు. గంట ఊగి మోగింది.

“అమా.”

తలుపు తీసేలోపే మా ఆయన తీశారు. మంజీర. అంగీ అట్టలా ఎండిపోయి ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి. మా ఇద్దరినీ కాకుండా బండిని చూస్తోంది.

“ఈ గంట నాయనమ్మది గదా? దీన్నిక్కడ కట్టారేంది?”

మా ఆయన నీళ్ళ చెంబు నోటికి పెట్టారు. చాలాసేపు తాగింది. బొట్టు కూడా కింద పడనీయలేదు.

“ఘాటు దిగాను నాయనా. కింద రాళ్ళమీద మన ఇంజన్ కూర్చుని ఉంది. దానిమీద కూర్చుని అన్నం తిన్నదాన్ని, గుర్తుపట్టనా? మొహం పైకి తిప్పి ఉంది. పోనీలే, మార్చుకుని ఎక్కారనుకున్నా. రాళ్ళసందున దాక్కుంటూ నిన్న పొద్దుగూకాక తిరిగొచ్చి అంచుకాడ కూర్చున్నా. కూర్చుంటే ఏం లాభం, పన్నెండు తేనెపట్లు! ఏది మనదని?”

“గంట విన్నావా?” అన్నాను.

“గంట యాడ వినపడింది! వాటిల్లో ఒకటి మాత్రం రెండుసార్లు బుర్రుమని ఆగింది. ఆగింది, ఆగింది... ఇంకా ఆగింది. ఇంకెవరమ్మా అంతసేపు ఆగేది? మా అమ్మ రాసుకుంటందనుకున్నా. ఆ వైపు నడిచా. సగం దూరానికి ఆగిపోయింది, ఇంక ఎటు నడవాలా అని నిలబడ్డా. మళ్ళీ మొదలుపెట్టావు.”

“పెన్ను రాయలేదే,” అన్నాను. 

తెలుపులోంచి గోవిందమ్మ పిన్ని గొంతు వచ్చింది. “అమ్మాయ్! మీ ఇంజనుకి మూడో ముక్క గుర్తొచ్చినట్టుందే!”

మంజీర నవ్వబోయి, పెదవి పగిలి, ఆగింది. వచ్చి కొత్త బానెట్ మీద ఎక్కి కూర్చుంది. అరచేతులు కింద ఆనించి చూసింది.

“ఇది కూడా వెచ్చగానే ఉందమా.”

అన్నం కలిపి ముద్దలు పెట్టాను. ఉలవచారు మూడో రోజుది, కొంచెం పులిసింది, ఆ సంగతి దానికి చెప్పలేదు. మా ఆయన నానబెట్టిన అంగీలు మళ్ళీ తొట్టిలో పిండుతున్నారు, నీళ్ళు వృథా చేయకూడదని. అది తింటుండగా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పొద్దున సగంలో ఆపేసిన వరుస పూర్తిచేశాను.

సూది: డెబ్బై ఎనిమిది. ఉప్పుసంచి: మూడు వందల నలభై. బండిలో మనుషులం: ముగ్గురం.